ఆరు అంకెల ఉంగరము

కాళిదాసు తన నాటకమునకు పెట్టిన పేరులోనే కథలోని చిక్కు అంతయు ఇమిడి ఉన్నది. అభిజ్ఞానమనగా గుర్తు, ఈ మనిషి ఆ మనిషియే అని నిశ్చయించుకొనుటకు చూపవలసిన ఆనవాలు. ఐదవ అంకములో శకుంతల దుష్యంతుని సభలో నిలిచినది. ముఖము అదే, కంఠము అదే, వెంట వచ్చినవారు కణ్వాశ్రమవాసులే. అయినను రాజునకు ఆమె ఎవరో తెలియలేదు. ఉంగరము చూపుదునని ఆమె తానే అన్నది. వ్రేలు చూచుకొన్నది. ఉంగరము లేదు, శచీతీర్థమున నీటికి నమస్కరించునప్పుడు జారిపోయినది. అప్పుడు తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన లేడిపిల్ల ముచ్చటను గుర్తు చేసినది. రాజు చేతి నీరు త్రాగక తన చేతి నీరు త్రాగిన దీర్ఘాపాంగుని సంగతి అది. రాజు దానిని వెక్కిరించి త్రోసిపుచ్చినాడు. తెలిసిన మాట చెప్పినను చాలలేదు. చేతిలో వస్తువు ఉండవలెనన్నమాట. వ్యాసుని భారతములో ఈ ఉంగరము లేదు, దుర్వాసుని శాపమును లేదు. మనిషికన్న ఆనవాలు గొప్పదగు దుఃస్థితిని కల్పించి చూపినవాడు కాళిదాసు.

ఈ అంకము ఇప్పుడు తెలుగువారి ఇండ్లలో దినదినము జరుగుచున్నది. రాజు స్థానమున సెల్‌ఫోనులోని అంగడి ఉన్నది. ఉంగరము స్థానమున ఆరు అంకెల సంఖ్య ఉన్నది. దానిని ఓ.టి.పి. అందురు. ఒక్కసారి మాత్రమే చెల్లు రహస్యము అని దాని అర్థము. తెలుగులో దీనికి ఇంకను స్థిరమైన పేరు కుదరలేదు. 'అభిజ్ఞాన సంఖ్య' అన్నచో సొగసుగానే ఉండును గాని, కూరగాయల బండివాడు నవ్వును.

తణుకులో ఒక విశ్రాంత తెలుగు పండితుని ఇంటిని తీసికొందము. ఇట్టి ఇల్లు కోస్తా పట్టణములలో వీధికొకటి కనిపించును. ముప్పది ఏండ్లకు పైగా జిల్లా పరిషత్తు పాఠశాలలో పాఠము చెప్పినాయన. భార్యకు వినికిడి తగ్గినది, చెవిలో యంత్రము పెట్టుకొనును. ఆ యంత్రమునకు చిన్న గుండీలవంటి బ్యాటరీలు కావలెను. అవి వారము పది దినములకన్న ఎక్కువ పనిచేయవు, ఊరిలోని దుకాణములలో ఎప్పుడును దొరకవు. అందుచేత కుమారుడు 2014లో అమెరికాకు వెళ్ళుటకు ముందు, సెల్‌ఫోనులోని ఒక అంగడిలో తండ్రి పేర ఖాతా తెరచి ఇచ్చినాడు. ఆనాడు పెద్దాయనకు సొంత సెల్‌ఫోను లేదు గనుక, ఖాతాకు తన నంబరునే జత చేసినాడు. అప్పటికి అది సులువే.

చాల ఏండ్లు ఏ చిక్కును లేదు. ఒకనాటి ఉదయము ఆయన ఫోను నీళ్ళ బాల్చీలో పడినది. క్రొత్త ఫోను కొన్నారు. అంగడిని తెరచినారు. రహస్యపదము తప్పు లేకుండ వ్రాసినారు; తెలుగు పండితుడు గనుక అక్షరము పొల్లుపోలేదు. కాని అంగడి ఒప్పుకొనలేదు. పరికరము క్రొత్తది, కాబట్టి మరొక ఆనవాలు కావలెను, సంఖ్య పంపితిమి, వ్రాయుడు అన్నది. సంఖ్య ఎక్కడికి పోయినది? డాలస్ నగరములో ఒక మేజా సొరుగులోనికి. కుమారుడు తన పాత భారతదేశపు సిమ్‌కార్డును ఒక పాత ఫోనులో ఉంచి, ఇట్టి సంఖ్యలు వచ్చుటకే దానికి డబ్బు కట్టుచు ప్రాణము నిలుపుచున్నాడు. విదేశములలోని మనవారు అనేకులు చేయు పనియే ఇది. తణుకులో ఉదయము పది గంటలైనప్పుడు, వేసవిలోనైతే, డాలస్‌లో ముందునాటి రాత్రి పదకొండున్నర. కుమారుడు నిద్రపోయినాడు. పది నిమిషములకు సంఖ్య చచ్చిపోయినది. పెద్దాయన మరల అడిగినారు. మరొక సంఖ్య పోయినది. మరల అడిగినారు.

సాయంకాలము కుమారుడు లేచి చూచుకొని, మూడు సంఖ్యలలో మొదటిదానిని చదివి చెప్పినాడు. అది చెల్లదు. మూడవదియు గడువు దాటినది. ఇట్లు రెండుసార్లు తప్పుపోవుటతో అంగడికి అనుమానము వచ్చినది. ఖాతాకు తాళము వేసి, కొంతసేపటి తరువాత ప్రయత్నించుడు అన్నది. పోనీ నంబరునే మార్చుదమా అన్నచో, నంబరు మార్చుటకు కూడ పాత నంబరునకు వచ్చిన సంఖ్యయే కావలెను. పెట్టె తాళపుచెవి పెట్టెలోనే ఉన్నది.

"ఖాతా నా పేరున ఉంది. చిరునామా నాది. డబ్బు నాది. నేను నేనే అని చెప్పడానికి డాలస్‌లో మావాణ్ణి నిద్ర లేపాలా?" అన్నారాయన. ఆ ప్రశ్నలో కోపము కొంత, అవమానము ఎక్కువ. బజారులో శెట్టిగారి కొట్టున పద్దు వ్రాయించుకొన్న తరమువారికి, తన పేరు తానే ఋజువు చేసికొనవలసి వచ్చుట కొత్త అనుభవము. ఆ పద్దుపుస్తకమునకు తాళము లేదు. వచ్చినవాని ముఖమే తాళపుచెవి.

న్యాయముగా చెప్పవలెనన్న, ఈ రెండవ తాళము ఊరక పుట్టినది కాదు. కంప్యూటరులో రహస్యపదమును వాడుట 1960 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మొదలైనది. ఫెర్నాండో కార్బతో ఆధ్వర్యమున, పలువురు ఒకే యంత్రమును పంచుకొను ఏర్పాటు అక్కడ జరిగినది. ఒకరి కాగితములు మరొకరు చూడకుండుటకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పదము ఇచ్చినారు. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, రహస్యపదముల పట్టికనంతటిని ఆ యంత్రముచేతనే అచ్చు వేయించుకొన్నాడు. తాళము పుట్టిన కొలది కాలమునకే దొంగతాళమును పుట్టినదన్నమాట. అదియును ఒక విద్యార్థి చేతిలో. బోధకవృత్తిలో ఉన్నవారికి ఇది అంత ఆశ్చర్యము కలిగించదు. 1981లో లెస్లీ లాంపోర్టు అను శాస్త్రవేత్త, ఒకసారి వాడిన పదము మరల చెల్లని పద్ధతిని గణితముతో ప్రతిపాదించినాడు. పొంచి వినువాడు విన్నను లాభము లేదు. విన్న క్షణముననే అది చెల్లనిదగును. నేటి ఆరు అంకెలకు మూలభావము అది.

మనవారిలో పెక్కుమంది ఒకే రహస్యపదమును పది చోట్ల వాడుదురు. పిల్లవాని పేరు, పుట్టిన సంవత్సరము, అంతే. ఒకచోట దొంగిలింపబడిన పదమును దొంగలు యంత్రములచేత వేయి చోట్ల ప్రయత్నింతురు. ఎక్కడనో ఒకచోట తలుపు తెరచుకొనును. లోపల చిరునామా ఉండును, ముందుగా కట్టిన డబ్బు నిలువ ఉండును. కాబట్టి అంగడివారు రెండవ గుర్తు అడుగుటలో దురుద్దేశము లేదు. బ్యాంకుల విషయములో మన దేశము ఇతరులకన్న ముందే మేలుకొన్నది. ఇంటర్నెట్టులో కార్డుతో చేయు కొనుగోళ్ళకు రెండవ నిర్ధారణ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుండి నియమము పెట్టినది. ఐరోపా సమాజములో ఇట్టి నిబంధన అమలునకు వచ్చినది 2019 సెప్టెంబరులో.

అయితే ఇక్కడ ఒక తేడాను గమనింపవలెను. డబ్బు కట్టునప్పటి నిర్ధారణ బ్యాంకు నియమము. ఖాతాలోనికి అడుగు పెట్టునప్పటి నిర్ధారణ అంగడివారి సొంత ఏర్పాటు. వస్తువు గుమ్మమునకు వచ్చినప్పుడు అడుగు సంఖ్య మూడవది. ఒక చిన్న పెట్టె ఇల్లు చేరులోపల మనిషి మూడుమారులు తాను తానే అని చాటుకొనవలెను. నడుమ రోడ్డు దీపములున్న బొమ్మలను ఏరి, తాను యంత్రము కానని కూడ నిరూపింపవలసి రావచ్చును. అది వేరే వినోదము. ఇన్ని తాళములలో ఏది ఎవరు వేసినది, ఏది తెరువకున్నచో ఎవరిని అడుగవలెను అన్నది కొనువానికి తెలియదు. బ్యాంకును అడిగినచో అంగడిని అడుగుమందురు. అంగడిని అడుగుదమన్న అక్కడ మనిషి లేడు.

ఈ ఏర్పాటు క్రింద మాటాడకుండ కూర్చున్న ఊహ ఒకటి ఉన్నది. ఒక మనిషికి ఒక ఫోను. ఆ ఫోను ఎల్లప్పుడు ఆ మనిషి చేతిలోనే. ఆ చేతికి ఎల్లప్పుడు టవరు అందును. నంబరు ఎన్నడును మారదు. ఈ నాలుగు ఊహలలో ఒక్కటియు మన ఇండ్లకు పూర్తిగా సరిపడదు. పాఠశాలలో పనిచేయువారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. పోటీపరీక్ష పుస్తకము కావలసిన ఇంటర్మీడియట్ విద్యార్థిని ఇంటిలో ఉన్న పాత ఫోనులో దానిని ఎన్నుకొనును. సంఖ్య వచ్చునది తండ్రి ఫోనునకు. తండ్రి పొలములోనో, లారీమీద విశాఖపట్టణపు దారిలోనో ఉండును. ఆమె కేక పెట్టి పిలువలేదు, ఫోను చేయవలెను. ఫోను ఎత్తిన తండ్రి ఆ ఫోనులోనే సంఖ్య వెదకి చదువవలెను. ఆంగ్లములో వచ్చిన సందేశములో సంఖ్య ఏదో, గడువు ఏదో పోల్చుకొనవలెను. అన్నదమ్ములు ఇద్దరు, వదినగారు, తాతగారు అందరికి కలిపి ఒక్క నంబరు ఉన్న ఇండ్లు ఉన్నవి. వసతిగృహములలో ఫోను ఉంచుకొననీయరు. కొంతకాలము డబ్బు కట్టకున్న నంబరు రద్దయి, కొన్నాళ్ళకు మరొకరికి పోవును. అప్పుడు ఒకరి ఉంగరము మరొకరి వ్రేలికి వచ్చినట్లే.

ఉంగరము చేత ఉన్నవాడే మనిషి అనుట ఎంత తప్పో కూడ కాళిదాసే చూపినాడు. ఆరవ అంకము మొదట రాజముద్రిక ఒక బెస్తవాని చేతిలో కనిపించును. చేప కడుపులో దొరికినదని వాడు నిజము చెప్పినను రక్షకభటులు నమ్మక కొట్టుకొనుచు తీసికొనిపోవుదురు. అక్కడ బెస్తవాడు నిర్దోషి. ఇప్పటి బెస్తవారు అట్టివారు కారు. ఇతరుని పేర దొంగ పత్రములు చూపి, అతని నంబరుతోనే వేరొక సిమ్‌కార్డు తీసికొని, వచ్చు సంఖ్యలన్నిటిని తామే అందుకొందురు. సందేశముగా పంపు సంఖ్యను పూర్తిగా నమ్మరాదని అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ 2016లోనే ముసాయిదాలో హెచ్చరించినది. 2017 నాటి మార్గదర్శకములలో దానిని పరిమితులతో వాడదగిన పద్ధతుల జాబితాలో చేర్చినది.

ఆ సందేశము వచ్చు దారియు అంత గట్టిది కాదు. 2021 మార్చి 8వ తేదీన, వ్యాపార సందేశములను ముందుగా నమోదైన నమూనాలతో సరిచూచు క్రొత్త నియమము దేశమంతట అమలునకు వచ్చినది. అనవసరపు సందేశములను ఆపుట దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. నమూనాలు నమోదు చేయని సంస్థల సందేశములన్నియు ఆగిపోయినవి. వానితోపాటు బ్యాంకుల సంఖ్యలు, అంగళ్ళ సంఖ్యలు కూడ ఆగినవి. ఆ దినమున కొనువారు అనేకులు అంకెలకొరకు ఎదురుచూచి విసిగినారు. మరునాడే టెలికాం నియంత్రణ సంస్థ ఆ నియమమును ఏడు దినములు నిలిపివేసినది.

ఇంత చెప్పినను, రెండు ఆనవాళ్ళు అడుగుటయే తప్పు అని అనరాదు. మన ఆదికావ్యములోనే దానికి గొప్ప ఉదాహరణము ఉన్నది. అశోకవనమున హనుమంతుడు సీతకు రాముని ఉంగరమును ఇచ్చినాడు. అంతకు ముందే ఆమె అడుగగా రామలక్ష్మణుల శరీరలక్షణములను వివరించినాడు. సీత తిరిగి చూడామణిని ఇచ్చినది. దానితోపాటు, చిత్రకూటమున కాకి తనను బాధించిన కథను, రామునికి తనకు మాత్రమే తెలిసినదానిని, గుర్తుగా చెప్పి పంపినది. చేతిలోని వస్తువు ఒకటి, మనసులోని మాట ఒకటి. నేటి శాస్త్రజ్ఞులు చెప్పు రెండు గుర్తుల సిద్ధాంతము ఇంతకన్న వేరు కాదు.

కాని సుందరకాండకును సెల్‌ఫోను అంగడికిని నడుమ ఒక పెద్ద తేడా ఉన్నది. అక్కడ మొదట పరీక్షకు నిలిచినవాడు దూత. ఎదుట ఉన్నవాడు మాయావేషమున వచ్చిన రావణుడేమో అని సీత శంకించినది. అడిగినది. వానిచేత చెప్పించినది. సమాధానపడిన పిమ్మట గాని తన గుర్తును ఇవ్వలేదు. నేడు గుర్తు చూపవలసినవాడు ఇంటివాడొక్కడే. అడుగుచున్నది అంగడియా, దొంగయా, బ్యాంకు ఉద్యోగియా, బ్యాంకు ఉద్యోగివలె మాటాడు మోసగాడా అని తెలిసికొనుటకు ఇంటివాని చేత ఏ ఉంగరమును లేదు. సీతకు ఉండిన హక్కు ఆయనకు లేదు. ఈ ఆరు అంకెల విషయమున కలుగు విసుగునకు అసలు వేరు ఇక్కడనే ఉన్నది. ఆలస్యమును ఓర్చుకొనవచ్చును, తనను మాత్రమే దొంగవలె చూచి, తలుపు తట్టినవానిని గురించి తనకేమియు చెప్పని పద్ధతిని ఓర్చుకొనుట కష్టము.

మాటలోని గందరగోళము దీనికి తోడైనది. సంఖ్యను ఎవరికిని చెప్పరాదని ప్రతి సందేశములోను వ్రాసి ఉండును. బ్యాంకులవారు, పోలీసువారు పదే పదే చెప్పుదురు. చెప్పినందువలన కూడబెట్టుకొన్న డబ్బు పోయినవారి కథలు ప్రతి ఊరిలోను ఉన్నవి. ఆ మరునాడే సరకు తెచ్చిన కుర్రవాడు గుమ్మమున నిలిచి, "ఓ.టి.పి. చెప్పండి సార్" అనును. ఇక్కడ చెప్పవలెను. చెప్పకున్న సరకు ఇవ్వడు. ఒకటి డబ్బు కదలించు సంఖ్య, ఒకటి సరకు ముట్టినదని చాటు సంఖ్య. పని వేరు, ప్రమాదము వేరు, పేరు మాత్రము ఒక్కటే. విషమును మజ్జిగను ఒకే తరహా సీసాలో పోసి, చూచి త్రాగుమన్నట్లున్నది. మోసగాండ్రు ఈ సందునుండియే దూరుదురు. సరకు వచ్చినదని, రద్దు చేయుటకు సంఖ్య కావలెనని ఫోను చేయుదురు. ఈ రెండింటికి వేరువేరు పేర్లు పెట్టుటకు కోట్లు ఖర్చు కాదు. ఒక భాషాజ్ఞానము గలవానిని సలహా అడిగినను సరిపోయెడిది.

ఇటీవల కొంత కదలిక లేకపోలేదు. ఖాతాదారులకు బ్యాంకులు చేయు లావాదేవీల ఫోనులు 1600తో మొదలగు నంబర్ల నుండియే రావలెనని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. బ్యాంకుల ఇంటర్నెట్టు చిరునామాలు 'బ్యాంక్.ఇన్' అను ముగింపునకు మారవలెనని అదే సంవత్సరము నిర్ణయించినది. అనగా దూతకు కూడ ఒక గుర్తు ఏర్పడుచున్నదన్నమాట. 2025 సెప్టెంబరులో వెలువరించి, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించిన మరొక ఆదేశములో, డిజిటల్ చెల్లింపులకు రెండు గుర్తులు తప్పవని చెప్పుచునే, సందేశముగా వచ్చు సంఖ్యయే గతి కాదని, ఇతర పద్ధతులకును చోటు ఇచ్చినది. ఆ నియమములను పాటింపనందున నష్టము కలిగినచో బ్యాంకువారే పూర్తిగా భరింపవలెనన్నది. ఇవన్నియు డబ్బు చెల్లింపునకు సంబంధించినవి. అంగడి గుమ్మమున ఉన్న తాళము సంగతి అంగడివారి దయ.

తణుకు పెద్దాయన ఇవేవియు ఆలోచించు స్థితిలో లేరు. భార్య యంత్రములోని బ్యాటరీ శుక్రవారము నాటికే చల్లబడినది. ఆదివారము ఉదయము మనుమరాలు డాలస్ నుండి మాటాడు వేళ. శనివారము రాత్రి కుమారుడు తన ఉదయపు పనిని ఆపుకొని, ఫోను చేతబట్టుకొని కూర్చున్నాడు. "నాన్నగారూ, ఇప్పుడు నొక్కండి." సంఖ్య వచ్చినది, చదివినాడు, తలుపు తెరచుకొన్నది. మరల ఇట్టి అవస్థ పడనక్కరలేకుండ ఏడాదికి సరిపడ బ్యాటరీలు తెప్పించినారు. డబ్బు కట్టునప్పటి సంఖ్య ఆయన ఫోనునకే వచ్చినది. నంబరు మార్చు సంగతి తరువాత చూచుకొందమనుకొన్నారు. ఆ రాత్రి ఇద్దరికిని అంత ఓపిక లేకపోయినది. ఆదివారము మనుమరాలు వచ్చీరాని తెలుగులో పద్యము ఒకటి అప్పగించినది. నాయనమ్మ తెరమీద ఆ పెదవులు కదలుట చూచి, చప్పట్లు కొట్టినది.

బుధవారము పదకొండు గంటలకు సరకు వచ్చినది. తెచ్చిన కుర్రవాడు బండి ఆపి, గుమ్మములో నిలుచున్నవారిని చూచి, తలమీది టోపీ తీసినాడు.

"నమస్కారమండీ మేష్టారూ. తొమ్మిదో తరగతిలో మీ దగ్గరే చదువుకున్నానండీ."

పెద్దాయన కండ్లజోడు సవరించుకొని చూచి, పేరు పెట్టి పిలిచినారు. వాడు సంతోషించినాడు. పెట్టె చేతిలోనే ఉంచుకొని ఫోను తీసినాడు.

"ఓ.టి.పి. వచ్చుంటుందండీ. చెప్తే ఇచ్చేస్తాను."

సంఖ్య డాలస్‌నకు పోయినది. అక్కడ అర్ధరాత్రి దాటి అరగంట. పెద్దాయన ఫోను చేసినారు, మ్రోగి ఆగినది. మరల చేసినారు.

"నువ్వు నన్నెరుగుదువు కదరా!"

"మీరు నాకు తెలుసండీ మేష్టారూ," అన్నాడు వాడు తలవంచుకొని, ఫోను వైపు చూపుచు. "దీనికి తెలియదు. అది పడకుండా ఇచ్చానంటే లెక్కలో నా పేరున పడుతుందండీ."

మూడవసారి కూడ మ్రోగి ఆగినది. వాడి బండిమీద ఇంకను చాల పెట్టెలున్నవి. వాడు ఒకసారి వానివైపు, ఒకసారి మేష్టారివైపు చూచినాడు.

"రేపు ఇదే వేళకి మళ్ళీ తెస్తానండీ. మీ అబ్బాయిగారిని కాస్త మేలుకొని ఉండమనండి."

లోపలనుండి ఆమె మజ్జిగ గ్లాసు తెచ్చి కుర్రవాని చేతికి ఇచ్చినది. వాడు పెట్టెను చంకన ఇరికించుకొని, నిలువుకాళ్ళమీదనే త్రాగినాడు.

"వచ్చాయాండీ?" అని ఆమె భర్తను కొంచెము బిగ్గరగా అడిగినది.

ఆయన చేతితో, రేపు అని సైగ చేసినారు.